చూసే పక్షి, తినే పక్షి



ప్రతి ఏటా ఈ సంచికకు కార్తీక పురాణం నుండి ఒక కథ రాసివ్వడం నాకు అలవాటు. ఈసారి కమిటీవారు "మాస్టారూ, ఈ కాలానికి పనికొచ్చేది ఏదైనా రాయండి" అన్నారు. ఈ కాలం సంగతి ఈ ఏడాది మా ఇంట్లోనే జరిగింది. ముందు అది చెప్పి, తర్వాత శాస్త్రంలోకి వెళతాను.

మా పూజ గదిలో రెండేళ్ళ పాటు ఒక చిన్న స్పీకరు ఉండేది. పిలిస్తే పలికే రకం. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. నాకు శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మా అబ్బాయి కొని పెట్టాడు. పొద్దున్నే పేరు పెట్టి పిలిచి సహస్రనామం పెట్టమంటే పెట్టేది. ఏకాదశి ఎప్పుడంటే చెప్పేది. (ఇండియా తిథి చెప్పేది, అది వేరే గొడవ.) మాఘమాసంలో ఒక ఆదివారం మా మనవరాలు వాళ్ళ నాన్న ఫోను పట్టుకొచ్చి, "తాతయ్యా, నువ్వు అడిగినవన్నీ ఇందులో ఉన్నాయి చూడు" అంది. చూస్తే నిజమే. తేదీ, వేళతో సహా వరుసగా ఉన్నాయి. నొక్కితే నా గొంతే వినిపిస్తోంది. మోకాళ్ళ నొప్పికి ఏ నూనె మంచిదని అడిగినవి, ఘంటసాల పాట కోసం నాలుగుసార్లు కేకలు పెట్టినవి విని అందరం నవ్వుకున్నాం.

ఇంకా కిందికి వెళితే నేను అడగని మాట ఒకటుంది. మా ఆవిడ కాలం చేసి నాలుగేళ్ళయింది. దీపం పెట్టాక ఆవిడ ఫొటో ముందు నిలబడి రెండు ముక్కలు మాట్లాడుకోవడం నాకు అలవాటు. ఆ రోజు నా మాటల్లో ఏది దాని పేరులా వినిపించిందో ఏమో, అది మేలుకుని వింది. పదకొండు సెకన్లు. అందులో కోడలి మీద ఒక ఫిర్యాదు, దాని వెనక "నువ్వుంటే బాగుండేది" అన్న మాట. అదంతా హాల్లో అందరి ముందూ వినపడింది. వంటింట్లో మజ్జిగ కలుపుతున్న కోడలి చెయ్యి ఆగింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

దేవుడి గదిలో, పోయిన మనిషితో చెప్పుకున్న మాట ఎక్కడికి పోయినట్టు? ఎవరి దగ్గర ఉన్నట్టు? ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

ఆ తర్వాత వారం మన భోజనశాలలో పులిహోర పళ్ళాలు పట్టుకుని ఈ విషయం మీద పెద్ద చర్చే జరిగింది. ఒకాయన "మనమేమైనా దొంగలమా మాస్టారూ, దాచుకోవడానికేముంది?" అన్నారు. ఇంకొకావిడ "ఇవ్వకపోతే పని జరగదు కదండీ. బడివాళ్ళు యాప్ అంటారు, డాక్టరు యాప్ అంటారు" అన్నారు. కాలేజీ కుర్రాడొకడు "మనవన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి అంకుల్, ఇప్పుడు తలుపేసి ఏం లాభం" అని తేల్చేశాడు. దేశమంతటా ఇంతే. ప్యూ రీసెర్చ్ సెంటర్ వారు 2023లో ప్రకటించిన సర్వేలో, కంపెనీలు తమ సమాచారాన్ని వాడుకునే తీరు గురించి ఆందోళనగా ఉందన్నవారు నూటికి 81 మంది. ఆ కంపెనీలు దానితో ఏం చేస్తున్నాయో తమకు దాదాపు ఏమీ తెలియదన్నవారు 67 మంది. షరతులు చదవకుండానే తరచుగా "సమ్మతమే" అని నొక్కేస్తామన్నవారు 56 మంది. భయమూ ఉంది, తెలియకపోవడమూ ఉంది, సంతకమూ ఉంది.

"దాచుకోవడానికేముంది" అన్న పెద్దమనిషికి ఆ రోజు సమాధానం చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక, నేనే బళ్ళో ముప్ఫై ఏళ్ళు పిల్లలతో వల్లె వేయించిన నవ గోప్యాలు గుర్తొచ్చాయి. మన పెద్దలు బయట పెట్టకూడదన్నవి తొమ్మిది: వయస్సు, డబ్బు, ఇంటిగుట్టు, మంత్రం, మందు, దాంపత్యం, చేసిన దానం, పొందిన గౌరవం, పడిన అవమానం. పాఠభేదాలు ఉన్నాయి, కొందరు తపస్సును కూడా చేర్చారు. ఒకసారి ఈ తొమ్మిదీ మళ్ళీ చదవండి. ఇందులో నేరం ఒక్కటైనా ఉందా? దొంగసొత్తు దాచమని ఎవరూ చెప్పలేదు. నిజాయితీగా బతికే సంసారి ఇంట్లో ఉండేవే అన్నీ. దాచేది తప్పు చేసినందుకు కాదు. అవి మనవి కాబట్టి, పరాయి చేతిలో పడితే మన మీదే వాడగలరు కాబట్టి.

వయస్సు, డబ్బు సంగతి మీకు తెలిసిందే. ఏ యాప్ అయినా ముందు అడిగేది పుట్టిన తేదీ. ఇంటిగుట్టు లంకకు చేటు అని మన సామెతే ఉంది. విభీషణుడు స్వయంగా వెళ్ళి చెప్పాల్సి వచ్చింది, ఇప్పుడు గోడకు తగిలించిన కెమెరాయే చెబుతుంది. 2023 మే నెలలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అమెజాన్ మీద రెండు ఫిర్యాదులు నడిపింది. అలెక్సా పిల్లల గొంతులను అవసరానికి మించి దాచిందని, తల్లిదండ్రులు చెరిపేయమన్నా పూర్తిగా చెరపలేదని ఒకటి. రింగ్ కెమెరాలు తీసిన ఇళ్ళలోని దృశ్యాలను ఉద్యోగులు చూశారని రెండోది. మొదటిదానికి 2.5 కోట్ల డాలర్లు, రెండోదానికి 58 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఆ సంస్థ ఒప్పుకుంది, చట్టం మాత్రం మీరలేదంది. పిలవకుండానే సిరి మేలుకుని విన్నదన్న వ్యాజ్యంలో ఆపిల్ కూడా తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ సంగతి 2025 జనవరిలో తెలిసింది. అంటే నా పదకొండు సెకన్లు వింత ఏమీ కాదు.

మంత్రం దగ్గరకొస్తే మాత్రం కంపెనీలను అనే ముందు మనల్ని మనం అనుకోవాలి. బ్రహ్మోపదేశం పట్టుబట్ట కప్పుకుని చెవిలో చేసేది ఎందుకు? ఇటీవల ఒక వడుగుకు వెళ్ళాను. ఆ బట్ట కిందికి కెమెరా దూర్చి, తండ్రి చొక్కాకు మైకు తగిలించి, ఆ ఉపదేశాన్ని మూడు ఖండాల బంధువులకు ప్రత్యక్ష ప్రసారం చేశారు. రామానుజులవారు గోపురమెక్కి మంత్రం చాటారు కదా అని ఒకాయన నాతో వాదించారు. చాటారు. గురువు మాట మీరినందుకు తనకు నరకం వచ్చినా సరే, పదిమంది తరిస్తే చాలని తెలిసి చాటారు. తెలిసి ఇవ్వడం వేరు, జారవిడుచుకోవడం వేరు.

మందు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ దేశంలో వైద్యుడు మీ రోగం బయటపెడితే చట్టం ఊరుకోదు. కానీ మీరే ఫోనులో ఒక యాప్‌కు చెప్పుకున్న రోగానికి ఆ చట్టం చాలాసార్లు వర్తించదు. మందుల ధరల మీద తగ్గింపు కూపన్లిచ్చే గుడ్‌ఆర్ఎక్స్ అనే సంస్థ, ఎవరు ఏ మందు కోసం వచ్చారో ఫేస్‌బుక్, గూగుల్ వంటివారికి చేరవేసిందని కమిషన్ ఆరోపిస్తే, 2023లో 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఆడవాళ్ళ నెలసరి లెక్కలు చూసే ఫ్లో అనే యాప్ మీద 2021లో ఇలాంటి ఆరోపణకే ఒప్పందం జరిగింది. ఆ సమాచారం అందుకున్న మెటా సంస్థది తప్పేనని 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ తేల్చింది. మెటా ఆ తీర్పును అంగీకరించలేదు.

ఇవి పేపర్లలో వచ్చినవి. పేపర్లో రానిది ఒకటి చెబుతాను. ఆనవాళ్ళు తీసేసి, ఆమె అనుమతితోనే చెబుతున్నాను. మనలో ఒక అమ్మాయికి అయిదో నెలలో గర్భం పోయింది. అత్తగారికి, పుట్టింటికి తప్ప ఎవరికీ చెప్పలేదు. గుడికి వచ్చినా ఎవరూ అడగకుండా వెనక వరుసలో కూర్చునేది. కానీ ఆమె ఫోను రోజూ అడుగుతూనే ఉంది. ఉయ్యాలలు, పాలసీసాలు, బుల్లి స్వెట్టర్లు. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడో వెతికినవి, ఏదో యాప్‌లో రాసుకున్నవి ఎవరెవరికో చేరాయి. పోయిన సంగతి మాత్రం వాళ్ళకు చేరలేదు. పురుడు రావలసిన వారంలో అభినందనలతో ఒక కూపన్ వచ్చింది. "మాస్టారూ, దేవుడికి కూడా నేను గట్టిగా చెప్పుకోలేదు, వీళ్ళకెవరు చెప్పారు?" అని అడిగింది ఆ తల్లి. దాచుకోవడానికేముందన్న పెద్దమనిషి ఆ రోజు ఆమె ఎదురుగా ఉంటే ఏమనేవారో!

మధ్యలో ఒక మాట. మన పిల్లలు సరదాగా ఉమ్ము పంపి వంశం తెలుసుకునే పరీక్షలు చేయించుకుంటున్నారు. 23అండ్‌మీ అనే కంపెనీ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఉమ్ము ఒకరిదే, గుట్టు మాత్రం గోత్రం మొత్తానిది.

ఇక్కడ ఒక తెలివైన ప్రశ్న వస్తుంది. మా మనవరాలే అడిగింది. "దేవుడు కూడా అన్నీ చూస్తాడు, అన్నీ వింటాడు అంటావు కదా తాతయ్యా. మరి స్పీకరు వింటే ఎందుకు బాధ?" ఈ ప్రశ్నకు ముండకోపనిషత్తులో జవాబుంది.

ఒక చెట్టు మీద రెండు పక్షులున్నాయి. విడవని స్నేహితులు. ఒకటి చెట్టు పండ్లు తింటుంది. రెండోది తినదు, ఊరికే చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది పరమాత్మ అని పెద్దలు చెబుతారు. చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నాను, ఎందరికో చెప్పాను. కానీ రెండో పక్షి ఎందుకు తినదన్నది మొన్న మాఘమాసం దాకా నాకు తట్టలేదు. తినదు కాబట్టే అది సాక్షి. మన పండు మీద దానికి ఆశ లేదు. అందుకే దాని ఎదుట మనం ఎలా ఉన్నా ఫరవాలేదు. ఏడవచ్చు, కోడలి మీద చాడీ చెప్పవచ్చు. వ్యవహారంలో లాభం ఉన్నవాడు సాక్షిగా పనికిరాడని మన ధర్మశాస్త్రాలు కోర్టుల కంటే ముందే చెప్పాయి. చూపు ఒకరిది, తిండి ఇంకొకరిది అయినంతసేపూ చెట్టుకు భయం లేదు.

ఇప్పుడు మూడో పక్షి వచ్చి వాలింది. ఇది చూస్తుంది, చూసినదాన్నే తింటుంది కూడా. మీరు ఏది చూశారు, ఎంతసేపు ఆగారు, ఎక్కడ వేలు పెట్టారు అన్నదే దాని ఆహారం. మీరు ఒక పేజీ తెరిస్తే, అది పూర్తిగా కనిపించేలోపే అందులోని ప్రకటన జాగా వేలానికి వెళుతుంది. మీరెలాంటివారో చూసి కొనేవాళ్ళు పాట పాడతారు, గెలిచినవాడి ఉయ్యాల మీ కంటి ముందుకు వస్తుంది. 2024లో మెటా రాబడిలో నూటికి 97 పాళ్ళకు పైగా ప్రకటనలదే. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కు నాలుగింట మూడు వంతులు. ఉచితంగా ఇస్తున్నారని మనం అనుకునే పండ్ల చెట్టుకు కాసేది మన బతుకే.

కంపెనీలను తిట్టి చేతులు దులుపుకోవడం నాకు కుదరదు. మా అబ్బాయి ఉద్యోగం అలాంటి చోటే, ప్రకటనల విభాగంలోనే. మేము ఉంటున్న ఇల్లు, ఈ గుడికి మేమిచ్చే చందా అక్కడివే. ఇది చదువుతున్న ఇళ్ళలో చాలావాటి సంగతీ ఇంతే. ఈ మాట తీస్తే మావాడు నొచ్చుకున్నాడు. "పేర్లు మాకు కనపడవు నాన్నగారూ. మేము చూసేది అంకెలే" అన్నాడు. "చిత్రగుప్తుడు కూడా లెక్కలే రాస్తాడు. ఆ చిట్టా యముడికి తప్ప ఎవరికీ చూపించడు" అన్నాను. వాడు వెంటనే "చిత్రగుప్తుడికి జీతం ఎవరిస్తారు నాన్నగారూ?" అన్నాడు. నవ్వు వచ్చింది, సమాధానం రాలేదు. రాత్రి పడుకునే ముందు తట్టింది. ఎవరిచ్చినా, ఆ చిట్టా కొనుక్కునేవాడు మాత్రం ఇవ్వడు.

మర్నాడు ఆ మాట చెబితే వాడు చాలాసేపు ఆలోచించి ఒక సంగతి చెప్పాడు. వాళ్ళ మీటింగుల్లో అప్పుడప్పుడు, ఈ సమాచారం ఎన్నాళ్ళు ఉంచాలి అన్న ప్రశ్న వస్తుందట. "ఎక్కువసార్లు ఎవరో ఒకరు 'ఎందుకైనా మంచిది, ఉండనీండి' అంటారు. అందరం తలూపుతాం" అన్నాడు. ఆ గదిలో మన తెలుగువాళ్ళు ఇద్దరైనా ఉంటారు. నాయనలారా, ఆ మాట వచ్చినప్పుడు "ఎందుకు?" అని ఒక్కసారి అడగండి. కార్తీక దీపం పెట్టినంత పుణ్యం అని నా నమ్మకం.

మరి వాడేవాళ్ళ సంగతి? అన్నీ పారేసి అడవికి పోలేం. ఇందుకు ఆదిపర్వంలో లక్క ఇల్లు చూడండి. వారణావతంలో పశుపతి ఉత్సవం బాగుంటుంది, చూసి రమ్మని పెదనాన్న పంపాడు. వెళ్ళేసరికి పాండవులకు సకల సౌకర్యాలతో కొత్త ఇల్లు సిద్ధం. కట్టించిన పురోచనుడు ఎంతో వినయంగా అక్కడే కాపురం. బయలుదేరేటప్పుడు విదురుడు ధర్మరాజుకు ఇతరులకు అర్థం కాకుండా మర్మభాషలో హెచ్చరిక చెప్పాడు. ఇంట్లో అడుగు పెట్టగానే ధర్మరాజు వాసన పట్టాడు. నెయ్యి, లక్క. భీముడు వెంటనే వెళ్ళిపోదామన్నాడు. ధర్మరాజు వద్దన్నాడు. తెలిసినట్టు కనపడకుండా, ఏమరకుండా ఉందామన్నాడు. పగలు వేట పేరుతో దారులన్నీ తెలుసుకున్నారు. విదురుడు పంపిన మనిషి నేల కింద సొరంగం తవ్వాడు. అలా ఏడాది ఉన్నారు. కంపెనీలన్నీ దుర్యోధనులని నేననను, మా ఇంటికే తగులుతుంది. కానీ ఇంట్లో ఉంటూనే ఇల్లు దేనితో కట్టారో తెలిసి ఉండడం ధర్మరాజు దగ్గర నేర్చుకోవాలి.

మా ఇంట్లో తవ్విన సొరంగం చిన్నదే. పూజ గదిలోంచి, పడక గదుల్లోంచి స్పీకర్లు తీసేశాం. హాల్లో ఉన్నదానికి మైకు ఆపే మీట ఉంది, పని లేనప్పుడు నొక్కి ఉంచుతాం. పాత రికార్డింగులు మనవరాలే కూర్చుని చెరిపేసింది. అమెజాన్ అయితే, గొంతును తమకు పంపకుండా పరికరంలోనే ఉంచుకునే ఏర్పాటును 2025 మార్చి 28 నుంచి తీసేసింది కనుక, ఆ స్పీకర్లున్నవారు మీట మీద శ్రద్ధ పెట్టాలి. ఐఫోనులో 2021 నుంచి, "ఈ యాప్ మీ వెంటపడవచ్చునా" అన్న అర్థంతో ప్రశ్న వస్తోంది. వద్దని నొక్కితే సరిపోతుంది, యాప్ పనిచేస్తూనే ఉంటుంది. సహస్రనామానికి మావాడి పాత సీడీ ప్లేయరు వాడుతున్నాను. ఏకాదశికి గుడి క్యాలెండరు ఉండనే ఉంది.

అన్నట్టు, మన దేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామిగారి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తులు కూడా తొమ్మిది మందే. నవ గోప్యాలకు తలా ఒకరు కాపలా అనిపించి ముచ్చటేసింది.

చివరగా మన గుడి సంగతి. ఇది రాస్తూ ఒకరోజు ఆఫీసు గదికి వెళ్ళాను. నిరుటి కార్తీక అర్చన చీటీలు ఒక అట్టపెట్టెలో మూత లేకుండా ఉన్నాయి. పేర్లు, గోత్రాలు, నక్షత్రాలు, ఫోను నంబర్లు. ఆయుష్యహోమం కోసం రాసిన పిల్లల పుట్టిన తేదీలు. "ఈ కోరిక తీరాలని" అంటూ వెనక రాసిన మాటలు కూడా ఉన్నాయి, నేను చదవలేదు. ఈ ఏటి చీటీలేమో ఎవరో ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ ఫారంలో నింపిస్తున్నాం. బాలవిహార్ పిల్లల ఫొటోలు పేర్లతో సహా అందరికీ కనపడే పేజీలో ఉన్నాయి. అభిషేకం ప్రసారంలో స్వామితో పాటు, ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకునే వాళ్ళ ముఖాలూ కనపడుతున్నాయి. కమిటీవారితో మాట్లాడాను. ఇకనుంచి కెమెరా గర్భగుడి వైపే ఉంటుంది. తల్లిదండ్రులు కాగితం మీద ఒప్పుకోనిదే పిల్లల ఫొటో వేయరు. కోరిక రాసే గడి ఫారంలోంచి తీసేశారు, అది స్వామికి నేరుగా చెప్పుకోవచ్చు.

ఈ వ్యాసం ఇచ్చే ముందు మా కోడలికి చదివి వినిపించి, వేయవచ్చునా అమ్మా అని అడిగాను. "వేయండి మామయ్యగారూ. ఆ ఫిర్యాదేమిటో మాత్రం రాయకండి" అంది. రాయలేదు.

కార్తీక పౌర్ణమి నాడు ఉసిరి చెట్టు కింద దీపాలు, ఆపైన మంగళహారతి, ఫలహారం ఉంటాయి. నిరుటి చీటీల పెట్టె ఆ సాయంత్రమే ఆఫీసు గదిలో కాగితాలు ముక్కలు చేసే మిషన్‌లో వేస్తాం. చూడాలనుకున్నవారు హారతి కాగానే రండి. మీ చీటీ మీ చేత్తోనే వేసుకోవచ్చు.